సున్నా వేసే గడి

కాన్సస్‌లో మా ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు.
గోధుమ గాదెలు నాలుగు, చర్చిలు ఆరు,
ట్రైలర్లు చేసే షెడ్డు ఒకటి.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడివాళ్ల పన్ను లెక్కలు
నా చేతి మీదుగానే పోతాయి.
ఎవరి గుట్టు ఎంత లోతో నా పెన్సిలుకి తెలుసు.

ఆ ఏడు రాజధాని నుంచి కబురొచ్చింది:
సొంత వ్యాపారం లాభం మీద
రాష్ట్రానికి ఇక సెంటు కట్టక్కర్లేదు.
మిగిలిన డబ్బు మొలకెత్తుతుందట,
ఉద్యోగాలు కాస్తాయట.
గేలెన్ ష్రాగ్ ఫారంలో, మొన్నటిదాకా
పద్దెనిమిది వేలు రాసిన గడిలో
గుండ్రంగా సున్నా చుట్టాను.
చెయ్యి కాస్త వణికింది. సంతోషంతోనే.

"ఎంతమందిని పెట్టుకుంటావు, గేలెన్?"
టోపీ తీసి తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు.
"ట్రైలర్లు అడిగేవాళ్లు ఎందరొస్తే
దానికి తగ్గట్టు."
షెడ్డుకి కొత్త రేకులు వేయించాడు,
బ్యాంకు బాకీ తీర్చాడు.
అడిగేవాళ్లు మాత్రం ఆ పాతవాళ్లే,
అదీ గీచి గీచి బేరమాడుతూ.

కోతలయ్యాక, వెల్డింగు చేసే ఆర్లిన్ వచ్చాడు.
అదే షెడ్డు, అదే ముసుగు,
ముంజేతుల మీద అవే నిప్పురవ్వల మచ్చలు.
"నన్నొక కంపెనీ చేసెయ్యి" అన్నాడు.
సోమవారం కూలివాడు
మంగళవారానికి యజమాని.
రాష్ట్రం పంచిన రంగుల కాగితంలో
కొత్త వ్యాపారాల గీత నిటారుగా లేచింది.
అందులో ఒక చుక్క ఆర్లిన్.
ఎవరూ నీళ్లాడలేదు,
బారసాల మాత్రం ఘనంగా జరిగింది.

బడి వారానికి నాలుగు రోజులైంది.
ట్వైలా రెగియర్ నడిపే బస్సు
శుక్రవారాలు గడ్డిలో నిలబడుతోంది.
శనివారం కేఫేలో ఆమె కుర్చీ ఖాళీ.
కౌంటీ రోడ్డు మీద తారు లేచిపోతే
పైన కంకర పోసి ఊరుకున్నారు.

పన్ను తగ్గితే ఊరు పెరుగుతుందా అంటే
నేనేం చెప్పను? చదివింది పద్దులే.
ఆ ఏడే వానలూ లేవు,
ఆ మాటా పక్కన రాసుకోవాలి.

ఒక్కటి మాత్రం సంతకం పెట్టి చెప్పగలను.
చుట్టుపక్కల కలిపి, కంపెనీలైపోయిన కూలీలు నలభై ముగ్గురు.
ఆ కాగితాలకి నా రెండు చేతులూ చాలక,
లైబ్రరీలో పని పోయిన ట్వైలా కూతురు మారిట్‌ని
గంటల లెక్కన పెట్టుకున్నాను.
నా ఎరుకలో ఊళ్లో మొలిచిన కొత్త ఉద్యోగం అదే.

మొదటిరోజు పెన్ను పైకెత్తి అడిగింది,
"ఈ గడిలో ఏం వెయ్యను?"
చెప్పాను.
"అందరికీనా?" అంది.