కొట్టివేతల కింద చుక్కలు

ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఏలూరు రోడ్డు వెనక సందులో, కొండలరాయుడు గారి ప్రెస్సులో
ఇతరుల తప్పులు దిద్దాను.
దీర్ఘం తగ్గిన చోట దీర్ఘం,
ఒత్తు జారిన చోట ఒత్తు.
పంచాంగాలు, పదో తరగతి గైడ్లు, పెళ్ళిపత్రికలు,
ఒకసారి ఎవరిదో ఆత్మకథ, రెండు సంపుటాలు.
అందులో ఆయన కృష్ణ దాటిన పేజీలో
"ఈదాను" అని ఉండాల్సిన చోట
"ఊదాను" అని పడింది.
కొట్టేసి, దిద్ది, పంపించాను.
ఈత గురించి నాకు తెలిసింది అంతే.

నది పక్కనే పుట్టాను.
మూడు కాలవల ఊళ్ళో
కాలవ దాటకుండా ఒక్కరోజూ పనికి వెళ్ళలేదు.
అయినా పుష్కరాల్లో సైతం
ఘాటు గొలుసు వదలని చెయ్యి నాది.
మూడు మునకలకి బదులు నెత్తిన మూడు చెంబులు.
"నీళ్ళకి కళ్ళుండవే" అనేది మా అమ్మమ్మ.
నాకున్నాయిగా,
వాటితో ఒడ్డునే చూస్తూ వచ్చాను.

మొన్న వేసవిలో
మూడో తరగతి అభ్యాస పుస్తకం ప్రూఫు వచ్చింది.
"నాకు ............ రాదు. నేర్చుకుంటాను."
చుక్కలు పన్నెండున్నాయో లేదో చూడాలి, అంతే నా పని.
ఎర్రపెన్ను అక్కడ ఆగిపోయింది.
టీ మీద మీగడ కట్టింది.
"ఏంటండీ, తప్పా?" అంది కంపోజింగు హైమావతి.
"తప్పు కాదు, ఖాళీ" అన్నాను.

బీసెంట్ రోడ్డులో
మెడ నించి మోకాళ్ళ దాకా ఉండే ఈత బట్టలడిగితే
"పాపకా మేడమ్?" అన్నాడు కొట్లో కుర్రాడు.
ఔనన్నాను.
పాపకి యాభై మూడు.

ఇంట్లో ఆయన పేపరు దించకుండానే
"మోకాళ్ళ నొప్పికి మందుబిళ్ళలు లేవూ?" అన్నారు.
జవాబు చెప్పలేదు.
పొద్దున్న ఐదున్నరకే గడియ తీశాను.

ఆరింటికి ఆడవాళ్ళ బ్యాచి.
ఎనిమిదేళ్ళ పిల్లలు దబ్బుదబ్బున దూకుతుంటే
నిచ్చెన రెండో మెట్టు మీద నేను.
నేర్పే పిల్ల పేరు కరీమున్, పంతొమ్మిదేళ్ళుంటాయి,
మెళ్ళో ఈల.
"ఆంటీ, గట్టు వదలండి."
"వదుల్తున్నా."
వారం రోజులు అదే మాట చెప్పాను.
నా వేళ్ళు నా మాట వినలేదు.
గట్టు పలకల మధ్య సిమెంటు గీతలు
నాకు కంఠతా వచ్చేశాయి.

తొమ్మిదో రోజు
ఎవరూ తొయ్యలేదు, ధైర్యమేమీ రాలేదు.
సబ్బు నీళ్ళలా చెయ్యి జారింది, నేనూ జారనిచ్చాను.
"ఠ" లా ముడుచుకుని
మధ్యలో చుక్కంత ప్రాణంతో
అడుక్కి వెళ్ళాను.
ముక్కులో మంట, చెవుల్లో హోరు.
పైకి తేలితే పిల్లలు నవ్వుతున్నారు.
దగ్గుతూ నేనూ నవ్వాను,
ముక్కు కారుతూ, జుట్టు మొహానికి అంటుకుపోయి,
ఎవరైనా దిద్దితే ఎర్రసిరా చాలని అవతారంలో.

"ఊపిరి బిగబట్టకండి ఆంటీ,
మొహం ముంచి నీళ్ళలోకి ఊదండి.
ఊదితేనే ఈత."

ఊదాను.

మా పనిలో ఒక గుర్తుంది.
పొరపాటున కొట్టేసిన మాట ఉండాల్సిందే అనిపిస్తే
దాని కింద వరసగా చుక్కలు పెడతాం.
ఉండనివ్వమని అర్థం.
ఆ పొద్దున్న నా గడ్డం కింద
బుడగలు, వరసగా,
నేను పెట్టనివి.

ఆ పెద్దాయన పుస్తకం ఇప్పుడెక్కడుందో.
దొరికితే ఆ పేజీ తీసి
నా కొట్టివేత కింద చుక్కలు పెట్టాలి.

ఇంకా లోతు వైపు వెళ్ళలేదు.
నాలుగు అడుగుల నీళ్ళలో నాలుగు బారలు, అంతే.
ఐదో బారకి కాళ్ళు నేలని వెతుక్కుంటాయి.
ఇవాళ తలారకుండానే ప్రెస్సుకి వచ్చాను,
ప్రూఫు మీద బొట్టు పడి
ఒక సున్న ఉబ్బింది.
హైమావతి చూసింది.
ఆరనీ అన్నాను.