ఎదురు మర

శనివారం పొద్దున గ్రోనింగెన్‌లో వాన
పడుతున్నట్టు ఉండదు, ఊరికే వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది.
పాత పాల ఫ్యాక్టరీ షెడ్డులో
నాలుగువందల పన్నెండు సైకిళ్లు
ఒకదాని భుజమ్మీద ఒకటి తల వాల్చి.

స్టేషన్ దగ్గర ఎవరో తాళం వేసి మరిచిపోయినవి,
మున్సిపాలిటీ నారింజ చీటీ కట్టి, నెల్లాళ్లు చూసి ఎత్తుకొచ్చినవి,
కాలవలోంచి కొక్కెంతో లాగినవి.
ఒకదాని బెల్లులో నత్త కాపురం.
ఒకదాని బుట్టలో ఇంకా
తడిసి ముద్దయిన లైబ్రరీ రసీదు.

నేను కెమిస్ట్రీ రెండో ఏడు. పేరు సీట్‌స్కె.
మంచితనం కొద్దీ రాలేదిక్కడికి.
నా గదిలో హీటరు పనిచెయ్యదు,
ఇక్కడ హార్మ్ కాచే బఠాణీ సూపు వేడిగా ఉంటుంది.
మంచితనం తర్వాతెప్పుడో వచ్చిందేమో,
వస్తే నాకు చెప్పి రాలేదు.

హార్మ్ నలభై ఏళ్లు ఓడలకు అతుకులు వేసినవాడు.
మాటలు రేషన్ మీద ఇస్తాడు.
మొదటిరోజు పానా నా చేతిలో పెట్టి
"కుడి పెడల్ లోకమంతా విప్పినట్టే విప్పు.
ఎడమది ఎదురు మర" అన్నాడు.
ఆ వారానికి సరిపడా మాట్లాడేశాడు.

తెలియడం వేరు, చేతికి తెలియడం వేరు.
మూడు వారాలు నా మణికట్టు తప్పువైపే తిరిగింది.
వదులు చేస్తున్నాననుకుంటూ
బిగించినకొద్దీ బిగించాను.
అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడూ
నాకిదే అలవాటు.

హ్యాండిలు పక్కకి తిప్పి, సీటు దించి,
పెడళ్లు తీసేస్తే సైకిలు చేపలా సన్నబడుతుంది.
రెండు చేపల మధ్య మూడోది పడుతుంది.
కుడివి ఎర్ర బకెట్లలో, ఎడమవి నీలం బకెట్లలో.
నవంబరులో కంటెయినరు తలుపు మూశాం,
సీలు పడ్డ చప్పుడుకి చప్పట్లు కొట్టాం.
ఎవరో ఫోటో తీశారు.
అందులో నా కాళ్ల దగ్గర
ఒక నీలం బకెట్ ఉంది.
ఎవ్వరం చూడలేదు.

ఏడు వారాలకి బోల్గటంగా నుంచి
అయిన్‌పోకా గొంతు వచ్చింది, ఫోన్లో రికార్డు చేసి పంపింది.
వెనక మేక, రేడియో, ఇనుమ్మీద సుత్తి.
"సైకిళ్లు చేరాయి. బాగున్నాయి.
మా ఊళ్లో ఎవరికేమిచ్చినా
ఎడమ చేత్తో ఇవ్వకూడదు, తప్పు.
మీకూ అంతే కాబోలు,
అరవై ఎనిమిది ఎడమ పెడళ్లు
మీరే ఉంచేసుకున్నారు."
తర్వాత నవ్వు. ఆ నవ్వు వెనక ఇంకెవరిదో నవ్వు.

క్షమాపణ మూడుసార్లు రాసి చెరిపేశాను.
హార్మ్ రికార్డు రెండోసారి వేయించుకున్నాడు.
ఆయన ముందు పన్ను లేదని
ఆరోజే తెలిసింది నాకు.

తొందరేం లేదంది ఆవిడ.
చచ్చిన సైకిళ్ల ఇరుసులు పీకి
షియా కర్రతో పాదాలు చెక్కించిందట.
"వానలో చెప్పు జారదు. మీ ప్లాస్టిక్‌వి జారతాయి."
అడిగాను, అవి ఉచితంగానే ఇస్తారా అని.
"అమ్ముతాను. ఇద్దరు కుర్రాళ్లకి జీతం ఇవ్వొద్దా?
అయినా ఊరికే వచ్చినదానికి
ఎవరూ నూనె వెయ్యరమ్మాయ్."

నీలం బకెట్ మార్చి కంటెయినర్లో
అందరికంటే ముందు ఎక్కింది.
మేలో షెడ్డుకొక పొట్లం వచ్చింది,
పాత సిమెంటు సంచి గుడ్డలో చుట్టి.
ఒకే ఒక్క కర్ర పెడల్. ఎడమది.
చీటీ మీద ఒకే వాక్యం:
"కుడి చేత్తోనే ఇస్తున్నాను."

నా సైకిలుకే బిగించుకున్నాను.
చెయ్యి నన్నడక్కుండానే
ఎదురు తిరిగింది, సరిగ్గా.

ఇప్పుడు కాలవ గట్టున వానలో వెళ్తుంటే
కుడి కాలు జారుతుంది, ఎడమది జారదు.
కాకపోతే కిందికి తొక్కినప్పుడల్లా
కాస్త కిర్రుమంటుంది.
ఊరికే వచ్చింది కదా.
నూనె వెయ్యాలి.
గుర్తుపెట్టుకుని వెయ్యాలి.