ఆఖర్న వచ్చే క్రియ

మా వంటింట్లో ఏడు పింగాణీ జాడీలు.
ఒక్కోదాని పొట్ట మీద నీలం అక్షరాలు,
తోకలు మెలేసిన పాత రాత.
మేల్ అని ఉన్నదాంట్లో ఉప్పు.
త్సిమ్ట్‌లో అమ్మమ్మ నిద్రమాత్రలు.
జాల్ట్స్ అంటే నాకు పద్దెనిమిదేళ్ళ దాకా
గుండీలు.

వ్రోత్స్వాఫ్ యూనివర్సిటీలో మొదటి పాఠం నాడు
జాల్ట్స్ అంటే ఉప్పని చెబితే
నవ్వొచ్చింది. చెవిలో గలగలమంది:
కోటు గుండీ, చొక్కా గుండీ,
తాత పోయాక కోసి దాచిన ఇత్తడి గుండీ.

జర్మన్ ఎందుకే, అన్నాడు నాన్న,
ఇంగ్లీషయితే బ్యాంకులో తీసుకుంటారుగా.
అమ్మమ్మ ఏమీ అనలేదు.
నా పుస్తకాన్ని మాత్రం భోజనాల బల్ల మీంచి తీసి
చెప్పుల గూటి పక్కన పెట్టింది.

మూడో అంతస్తులో సెమినార్ గది.
కిటికీలో ఓద్రా నది, దాని మీద మంచు పెచ్చులు.
ఝెలాజ్నా మేడమ్‌కి గొంతు చిన్నది, సుద్దముక్క పెద్దది.
'దాస్' అని వినపడిందా, ఇక ఓపిక పట్టండి,
ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు,
అందరూ వచ్చి కూర్చున్నాక
అప్పుడొస్తుంది క్రియ, పెళ్ళికి ఆలస్యమైన మేనమామలా.
అది వచ్చేదాకా వాక్యాన్ని నమ్మకండి, అనేది.
మేం పోలిష్ వాళ్ళం.
క్రియని ముందే తాగేసి
గ్లాసు కోసం తర్వాత వెతుక్కుంటాం.

రెండో ఏడు కవిత్వం.
చావు మాకు ఆడది, వాళ్ళకి మగాడు.
ఈ ఒక్క ముక్క మీద తెల్లవార్లూ వాదించుకున్నాం
నేనూ బోగ్నా, ట్రామ్ డిపో పక్క బీరుకొట్టులో.
ఇంటికొస్తుంటే మా వీధి మూల గోడకి
సున్నం పెచ్చు ఊడి, కింద, బెక్కెరై.
రొట్టెల కొట్టు!
పన్నెండేళ్ళు ఆ గోడ పక్కనుంచే బడికెళ్ళాను.
ఉన్నట్టుండి ఆకలేసింది.

మూడో ఏడు అక్టోబర్‌లో తలుపు తట్టిందావిడ.
బూడిదరంగు కోటు, చేతిలో ఫోటో,
పేరు రోస్విత, ఉండేది హనోవర్,
పుట్టింది మా పడగ్గదిలో.

గొలుసు తియ్యకుండా, సందులోంచి,
"ఇల్లడగడానికొచ్చిందా?" అంది అమ్మమ్మ.
"టీ తాగుతారా అంటోంది," అన్నాను.
చదువుకున్నందుకు
నా మొదటి స్వేచ్ఛానువాదం.

వంటింట్లో ఆవిడ జాడీల్ని చూసింది.
ముట్టుకోలేదు. మొదలుపెట్టింది:

మా అమ్మ, ఆ జనవరిలో,
బయట బండి గుర్రం కాళ్ళు మార్చుకుంటుంటే,
తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టాక, మూట కట్టాక,
దీపం ఆర్పబోయేముందు,
ఇదిగో ఇక్కడ, ఈ తొట్టి దగ్గర నిలబడి,
ఈ జాడీలన్నిటినీ

క్రియ రాలేదు.
అమ్మమ్మ నా మొహంలోకి చూస్తోంది.
పగలగొట్టిందా, శపించిందా,
పాతిపెడదామనుకుందా,
క్రియలన్నీ నా నాలిక మీద క్యూ కట్టాయి.
సుద్దముక్క గాల్లో ఆగింది.

కడిగింది.

వేళ్ళు కొంకర్లు పోయే చలిలో కడిగి
గుడ్డ పరిచి బోర్లించింది.
వచ్చేదెవరో, మురికి చూస్తే ఏమనుకుంటారో అని.

నేను చెప్పాను. మా భాషలో అదే ముందొచ్చింది:
కడిగిందట, అమ్మమ్మా.

"బోర్లించే ఉన్నాయి," అంది అమ్మమ్మ, చాలాసేపటికి.
ల్వూఫ్ నుంచి పశువుల రైలుపెట్టెలో పదమూడు రోజులొచ్చి
తొమ్మిదేళ్ళ పిల్ల ఈ గుమ్మంలో నిలబడేసరికి
గుడ్డ మీద ఏడు, దుమ్ము పట్టి.
"విషం పూసుంటారని
మా అమ్మ మళ్ళీ కడిగింది. మూడుసార్లు."

ఇదీ చెప్పనా?
చెప్పాను.
రోస్విత ఫక్కున నవ్వింది.
మా అమ్మైనా అంతే చేసేది, అంది.

ఆ కోటుకి రెండో గుండీ లేదు.
ఇందాకటి నుంచీ అమ్మమ్మ కళ్ళు అక్కడే.
జాడీ దింపి బల్ల మీద గుమ్మరించింది.
"జాల్ట్స్," అంది రోస్విత, నీలం అక్షరాల మీద వేలు పెట్టి.
"గుజీకి," అంది అమ్మమ్మ, గుండీలు కెలుకుతూ.
మధ్యలో నేను ఊరికే కూర్చున్నాను.

అలాంటిది దొరకలేదు.
గోధుమరంగుది, కొంచెం పెద్దది, కుట్టింది.