హోరు ఆగితే

నాలుగోసారి తీగ కోసుకపోయినారని
ఒన్నూరమ్మ వచ్చి నా అంగడి మెట్టు మీద కూచుంది.
కల్యాణదుర్గంలో రాగి ఏం ధర పలుకుతోందో
దొంగల కంటే ఆమెకే బాగా తెలుసిప్పుడు.
"తొట్టి వంకకు ఆ దరిన, మోటరు ఈ దరిన.
నిండిందని చెప్పే నోరు లేక
నీళ్లన్నీ పొర్లి వంక పాలైతాండాయి ఓబులేసూ."

మోటర్లు చుట్టేవాణ్ని నేను. రేడియోలు మా నాయన విద్య.
ఆయన వదిలిపోయిన బిస్కెట్ల డబ్బా దించి
మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లలో
ఊపిరున్నవేవో మీటరు ముల్లును అడిగి అడిగి ఏరినాను.
పెన్ను గొట్టం మీద తీగ ఐదు చుట్లు.
వేల చుట్లు చుట్టిన చేతికి
ఐదంటే నవ్వొచ్చింది.
ఆరోది వేసి చూసినాక నవ్వు పోయింది.

ఇంకో రెండు ట్రాన్సిస్టర్లు ఒకే రోట్లో రోకళ్లు.
ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది,
మా అమ్మా పిన్నీ కొర్రలు దంచినట్టు.
ఎప్పుడు లేవాలో కెపాసిటరు చూసుకుంటుంది
నిండుతూ, ఒంచుకుంటూ.
ఆ దంపుడే మాట.
మూడు పొట్టివి, ఒక పొడుగు: తొట్టి నిండింది.
ఇంకే మాటా దానికి రాదు.
దావన మోటరు సైకిలు పోయినా గాలి పటపటమంటుంది,
ఒక్క దెబ్బను నమ్మకూడదనే ఈ లెక్క.

చుట్లు కదలకుండా కొవ్వొత్తి మైనం పోసినాను.
పొద్దున ఎనిమిదికి పలికింది.
పదకొండుకు లేదు.
తొట్టి గట్టెక్కి డబ్బా తెరిస్తే
మైనం కారిపోయి, చుట్లు ఒళ్లు విరుచుకోని ఉండాయి.
సర్దబోతే
చెయ్యి చూసి బెదిరే దూడ మాదిరి
స్టేషను పక్కకు జరుగుతుంది.
మే నెల ఎండను లెక్కలో వేసుకోలేదు నేను.

ఒన్నూరమ్మ ఏమీ అనలేదు.
పోయి, మూతి పగిలిన మజ్జిగ కుండ తెచ్చింది.
అడుగున శెనక్కాయ పొట్టు, నడుమ డబ్బా, పైన మళ్లీ పొట్టు.
పొట్టులోంచి సైకిలు చువ్వ ఒకటి
నిటారుగా ఆకాశం వైపు.

ఈ దరిన, మోటరు కొట్టంలో, రిసీవరు.
జడివాన మాదిరి హోరు.
అట్లాంటి వాన ఈ చేన్లు చూసి ఎన్నాళ్లో.
తొట్టి నిండేదానికి ముక్కాలు గంట,
ఇద్దరమూ మాట్లాడలేదు.

ఆగింది. వచ్చింది. ఆగింది.
"చెడిపోయినట్టుంది గదప్పా, గొంతు పడిపోతాండాది."
ఆగడమే మాటక్కా. వేళ్లు మడువు.
మూడు చిన్న మౌనాలు.
తర్వాత ఒక పెద్దది.
నాలుగు వేళ్లు మడిచిన చేత్తోనే లేచి
బొటనవేలితో ఎర్ర బొత్తాం నొక్కింది.

అయినా నమ్మక, వంక దాటి పోయి చూసొచ్చింది.
గట్టుకు జానెడు కిందనే నీళ్లు.
కొంగుతో ముఖం తుడుచుకుంటా
నన్నడిగింది ఒక్కటే మాట:
"ఆ పైన నిలబెట్టిన చువ్వ ఇనుమే గదా?
రాగి కాదు గదా?"