మొదటి గుక్క

వరద లంకని ముంచిన మూడో రోజు
పడవలో బ్యాటరీ తెచ్చాడు బుల్లబ్బులు,
గోనెలో చుట్టి, నాటుసారాలా దాచి.

సబ్‌సెంటర్ ఫ్రిజ్‌లో
పాముకాటు మందు సీసాలు ఎనిమిది.
ప్లగ్గు పెట్టాను.
ఇన్వర్టర్ కీచుమని చచ్చింది.
మళ్ళీ పెట్టబోతే చెయ్యడ్డం పెట్టాడు:
"ఉండండి మేడంగారూ.
తిరగడానికి దానికి నూట యాభై చాలండి,
లేవడానికే వెయ్యి కావాలి.
పడవ మేటెక్కితే ఎంతమందిమి దిగి తోస్తాం?
కదిలాక ఒక్క గెడేగా."

ఫ్యాను ఆపాం. బల్బు ఆపాం.
ప్రెసిడెంటుగారి ఫోను ఛార్జింగు పీకేశాం,
ఆయన చూస్తుండగానే.
లోపలి ఒత్తిడి దిగాలట,
ఐదు నిమిషాలు చీకట్లో కూర్చున్నాం.
గట్టుని నీళ్ళు నాకుతున్న చప్పుడు.

అప్పుడు ప్లగ్గు.
అంకె ఎగిరింది, ఎర్రబడింది,
నేను కళ్ళు మూసుకున్నాను.
గుర్ర్‌ర్...
"నూట నలభై," అన్నాడు, బీడీ వెతుక్కుంటూ.
తర్వాత ఒక్కొక్కటే: బల్బు, ఫ్యాను,
ఆఖర్న ఆ ఫోను.

రాత్రి రెండింటికి రేవులో కేక.
ఎవరి బిడ్డో, కాలికి తువ్వాలు కట్టి తెస్తున్నారు.
మూడు రాత్రులుగా నిద్రలేని మోకాళ్ళు.
ఒక్క క్షణం ఏమీ ఆలోచించకుండా
గోడ పట్టుకుని
లేచాను.

నడవడం పర్లేదు.