మొదటి ఫిర్యాదు

గ్రిమ్స్‌బీ కౌన్సిల్ ఆఫీసు నేలమాళిగలో
శుక్రవారం రాత్రి పదకొండు దాటాక
సర్వర్ నాతో మాటలు కలిపింది.
ఒప్పందం చదివారా? అంది.
చదివానన్నాను.
ఎవరూ చదవరని దానికీ తెలుసు.

పోర్టల్ అంటే ద్వారం.
ద్వారబంధం ముందు, గోడలు తర్వాత:
మా మేస్త్రీల లెక్క ఇక్కడా అంతే.
ఏ పోర్టులో నిలబడాలి, ఏ పేరుతో పిలిస్తే పలకాలి,
ఎవర్ని గడప అవతలే ఆపాలి,
అన్నీ ఒక ఫైల్లో రాసుకుంటూ పోయాను.
ఎనిమిది వేల ఎనభైలో అప్పటికే ఎవరో కాపురం ఉన్నారు.
పాత ప్రింటర్ తాలూకు సర్వీసేదో,
రెండువేల తొమ్మిది నుంచి ఖాళీ చెయ్యకుండా.
దాన్ని లేపలేక నేనే జరిగాను, ఎనభై ఒకటికి.

పక్కన టీ గదిలో కుళాయి.
టప్.
ఇన్‌స్టాలర్ నలభై రెండు శాతం దగ్గర ఆగింది.
టప్.
హంబర్ మీది గాలి వెంటిలేటర్లోంచి దూరి
నా మెడ వెనక కూర్చుంది.
టప్.
నలభై రెండే.

బల్ల మీద గ్లెనిస్ ఆపిల్‌యార్డ్ నోటు పుస్తకాలు.
ఇరవై ఆరేళ్ళుగా మరమ్మతుల ఫోను ఎత్తేది ఆవిడ.
సోమవారం నుంచి ఈ పెట్టె.
"పద్నాలుగు: బెల్లు రెండుసార్లు. చెవుడు.
తొమ్మిది: తలుపు బిగుసుకుంటుంది, భుజంతో నెట్టాలి.
ఇరవై రెండు: బాయిలర్ బాగానే ఉంది.
మాట్లాడ్డానికి చేస్తాడు. పది నిమిషాలు ఇవ్వాలి."
నా ఫారంలో ఉన్న గడులు
సమస్య రకం, ప్రాధాన్యం, చిరునామా.
పది నిమిషాలకి గడి లేదు.
'వివరాలు' యాభై అక్షరాలు మించకూడదని
తయారుచేసినవాళ్ళు రాసిపెట్టారు.
నాలుగు వేలు చేశాను.
ఎవరూ చెయ్యమనలేదు. మార్పు పత్రంలో ఆ వరుస లేదు.

రెండున్నరకి లేచింది.
పరీక్షకి ఒక ఫిర్యాదు కావాలి.
పేరు: అలివేణి.
ఇంటిపేరు లేకపోతే కదలనంది: పోలాకి.
నిద్రమత్తులో వేళ్ళకి తెలుగే వచ్చింది:
"కుళాయి కారుతోంది. రాత్రంతా టప్ టప్."
పంపితే అటువైపు ప్రశ్నార్థకాలు తేలాయి,
ఒక్క చేపా పడని గాలాల్లా, వరసగా.

ఈ ఊళ్ళో చేపలు కోసే షెడ్లలో
లిథువేనియా వాళ్ళున్నారు, పోలండ్ వాళ్ళున్నారు.
వాళ్ళ పేర్లలో తోకలున్న అక్షరాలు, టోపీ పెట్టుకున్న అక్షరాలు.
వాళ్ళకీ ఈ గాలాలే కదా.
డేటాబేస్‌కి చెప్పాను, కనెక్షన్‌కి చెప్పాను, పేజీకి చెప్పాను:
ముగ్గురూ యూటీఎఫ్ ఎయిట్‌లోనే మాట్లాడుకోండి.
ఇద్దరు విన్నారు.
మూడో దానికి రీస్టార్ట్ కావాలట.
పద్దెనిమిది నిమిషాలు.
టప్.

నాలుగూ ఇరవైకి
కుళాయి కొమ్ముతో సహా నిలబడింది తెరమీద.
రాత్రంతాకి రావత్తు కూడా ఉంది.
వినేవాళ్ళు లేకపోయినా హమ్మయ్య అన్నాను.
ఆ సంబరంలో ఆ వరుస చెరపడం మరిచాను.

సోమవారం ఎనిమిదిన్నర. మేనేజరు కేకు తెచ్చాడు.
గ్లెనిస్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూస్తోంది.
ఫిర్యాదు ఒకటి. స్థితి: తెరిచి ఉంది.
"ఇదేమిటమ్మా, ఊలు అల్లినట్టుంది?"
నా భాష. టెస్టు కోసం. తీసేస్తాను.
"ఏముంది అందులో?"
కుళాయి కారుతోందని.
"కారుతోందా మరి?"
కారుతోంది.
'కేటాయించు' బొత్తాం మీదికి బాణం గుర్తు తీసుకెళ్ళి
ఒక్క క్షణం ఆగింది.
మౌస్ వదిలేసి, ఫోనెత్తి,
చూడకుండానే అంకెలు నొక్కింది.
"క్లైవ్, కింద టీ గది. వాషర్లు తెచ్చుకో."

మధ్యాహ్నానికి కుళాయి ఆగింది.
ఫిర్యాదు మాత్రం తెరిచే ఉంది.
మూసే అధికారం గ్లెనిస్ పేరుకి నేను ఇవ్వలేదని
సాయంత్రం, రైలు కదిలాక తట్టింది.
ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి ఇచ్చాను.
అదీ, మిగతావన్నీ.
మార్పు పత్రంలో ఆ వరుసా లేదు.