గంటల లెక్క

టంగుటూరు టోల్‌గేటు లైన్లో
స్టీరింగు మీద తలవాల్చి నిద్రపోయాను.
వెనక పద్నాలుగు బండ్లు హారన్ కొట్టాయట.
నాకు తెలిసింది క్లీనరు కొట్టిన చెంపదెబ్బ ఒక్కటే.

ఒంగోలు డాక్టరు కాగితం మీద
కొండలు కొండలుగా ఒక గీత చూపించాడు.
అది చదునైన చోటల్లా
నేను ఊపిరి మానేసిన చోటట.
గంటకు ముప్పై ఎనిమిది సార్లు.
కొత్త మిషను అరవై వేలు.
మూడు టైర్ల ఖరీదు.
టైర్లయితే అప్పిస్తారు.

కావలిలో పాతదొకటుందని
చీమకుర్తి కాటా దగ్గర గుమాస్తా చెప్పాడు.
రైల్వే గేటు అవతల, రేకుల వరండా.
పాత లుంగీలో చుట్టిన మిషన్ని మస్తాన్‌బీ
వేడి గిన్నె దించినట్టు
రెండు చేతులా బల్ల మీదికి దించింది.
ఆమె భర్త పొగాకు వేలంలో బేళ్ళ లెక్క రాసేవాడు.
రంజాన్ నెలలో పోయాడు.
"ఊపిరాడక కాదయ్యా, గుండె" అంది
మిషను మీదికి నింద రాకూడదన్నట్టు.

పద్నాలుగు వేలంది. పదకొండన్నాను,
నా నోరు దానంతటదే అంది, లోడు బేరంలా.
పన్నెండంది, మిషను మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.
"ఒక్కసారి ఆన్ చేసి చూపించమ్మా."
పక్క వాకిట్లో ఎవరో
వేరుశనక్కాయలు చెరుగుతున్నట్టు సన్నని చప్పుడు.
పట్టపగలు పదకొండింటికి
మంచమ్మీద ఆడుకుంటున్న మనవరాలు
ఆవలించింది.

ఎయిర్ ఫిల్టరు విప్పడం నాకెవరూ నేర్పక్కర్లా.
వేలెడంత స్పాంజి, బెల్లం రంగు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
బ్యారన్ తలుపు తెరిచినప్పటి వాసన.
అది పారేశాను. మాస్కూ పారేశాను, కొత్తది కొన్నా.
పాత పట్టీలో గోరింటాకు రంగు వెంట్రుక ఒకటి.
ఎక్కడ వెయ్యాలో తోచక
కాసేపు చొక్కా జేబులో పెట్టుకున్నా.

నీళ్ళ డబ్బా అడుగున తెల్లగా గారకట్టింది
మా పొదిలి బిందెల్లో కట్టినట్టే.
ఫ్రైడ్ రైస్ బండి సుధీరుని అడిగి
అర సీసా వెనిగర్ తెచ్చి నానబెట్టా.
ఇల్లంతా నూడిల్స్ వాసన, పిల్లలు ఆకలన్నారు.
డిస్టిల్డ్ వాటరు బ్యాటరీ షాపులో దొరికింది.
"ఏ బండికన్నా?" అన్నాడు.
"నాకే."

గొట్టాన్ని పసిబిడ్డల సబ్బుతో కడిగి
దండేనికి వేలాడదీస్తే
మెలిక పోవాలని చివర చిన్న రాయి కట్టింది
మాలకొండమ్మ, పొట్లకాయకి కట్టినట్టు.

మీట నొక్కుతూ పోతే లెక్కల పేజీ వచ్చింది.
మొత్తం గంటలు: తొమ్మిది వేల నాలుగొందల పన్నెండు.
బండికైతే ఇంజను విప్పాల్సిన వయసు.
దాని కింద ఇంకో వరస.
చివరిసారి నడిచింది మంగళవారం రాత్రి,
ఏడు గంటల ఇరవై నిమిషాలు.

నేను కావలి వెళ్ళింది బుధవారం.

వేళ్ళు ముడిచి లెక్కేశాను,
రంజాన్ వెళ్ళి ఏడు నెలలు.
గొట్టం చివర ఎవరూ లేకుండా
ఆ చప్పుడు పక్కన పెట్టుకుని
ఆమె, ఆ పిల్ల.

"లెక్క సున్నా చేసిస్తా, మూడొందలు"
అన్నాడు మెడికల్ షాపు కుర్రాడు.
వద్దన్నా.
మీటరు తిప్పి బండ్లమ్మేవాళ్ళని
నేను చాలామందిని చూశా.

మొదటి రాత్రి.
తెల్లారి లేస్తే నోరెండలా, తల బరువు లేదు.
పక్కన మాలకొండమ్మ కళ్ళెర్రగా కూర్చోనుంది.
"ఏందే?"
"నీ గురక లేక ఇల్లు బోసిగా ఉండాది.
రెండుసార్లు నీ పొట్ట మీద చెయ్యేసి చూశా."

ఆమెకి ఆ మంగళవారం సంగతి చెప్పలేదు.
తొమ్మిది వేల నాలుగొందల పద్దెనిమిది.
మిగిలిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోశా.

శనివారం నెల్లూరు లోడు.
బైపాస్ ఎక్కకుండా
కావలి ఊళ్ళోకి తిప్పాను బండి.
క్లీనరు ఎందుకని అడగలా.
రైల్వే గేటు పడుంది.